టైరుకు ఐదేళ్లు, సెన్సార్‌కు ఏడేళ్లు: ఎమిరేట్స్ రోడ్ల మీద గాలి లెక్కలు

అరిగిన టైర్లతో రోడ్డెక్కితే 500 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 4 బ్లాక్ పాయింట్లు, 7 రోజులు బండి జప్తు. 2017 జులై నుంచి యూఏఈలోని ఏడు ఎమిరేట్లలోనూ ఇదే లెక్క. బ్లాక్ పాయింట్లు 24కు చేరితే లైసెన్సే ఆగిపోతుంది. దుబాయిలోనో షార్జాలోనో కారు నడిపే మనవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ.

అయినా టైరు బాగుందో లేదో చూసుకోవడం మాత్రం చాలామందికి రెండు చూపులతో అయిపోతుంది. గాడులు కనిపిస్తున్నాయా? కనిపిస్తున్నాయి. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగిందా? లేదు. ఇంకేం, బండి తీయొచ్చు.

గల్ఫ్ ఎండలో ఈ రెండు చూపులూ చాలవు. తక్కువ తిరిగే కారుకు ఇక్కడ గాడులు అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది. దీపం వెలిగించాల్సిన సెన్సార్‌లో ఉన్న చిన్న బ్యాటరీకీ ఆయుష్షు ఉంది. అది తీరిందని ఆఖరి రోజు దాకా మనకు తెలియదు. టైరు లెక్క వేరు, సెన్సార్ లెక్క వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎప్పుడు మార్చాలో తేలిగ్గా తేలుతుంది.

ఒక్క ప్రయాణానికి 70,000 వంపులు

మామూలు సెడాన్లకు తరచూ వచ్చే టైరు కొలత 205/55 ఆర్16. వెడల్పు 205 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. ఈ మూడింటినీ కలిపితే టైరు వ్యాసం 63 సెం.మీ., చుట్టుకొలత 2 మీటర్లకు రవ్వంత తక్కువ. దుబాయి నుంచి అబుదాబీకి సుమారు 140 కి.మీ. అంటే ఒకసారి వెళ్లేసరికి ఒక్కో చక్రం 70,000 చుట్లు తిరుగుతుంది.

చుట్టు తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ రోడ్డుకు ఆనిన చోట వంగుతుంది, పైకి వెళ్లాక మళ్లీ నిటారవుతుంది. గంటకు 120 కి.మీ. వేగంలో ఇది నిమిషానికి వెయ్యిసార్లు జరుగుతుంది. ఒక్కో వంపులో కొంత శక్తి వేడిగా మారి రబ్బరులోనే ఉండిపోతుంది. గాలి తక్కువైతే వంపు పెరుగుతుంది, వంపుతో పాటు వేడీ పెరుగుతుంది. టైరు పేలిందని మనం వినే కథల్లో చాలావాటికి మూలం ఇక్కడే. పేలడం ఒక్క క్షణంలో జరిగినా, లోపల పొరల మధ్య పట్టు సడలడం అంతకుముందు ఎన్నో ప్రయాణాల్లో సాగిన పని.

ఇప్పుడు బయటి వేడి కలపండి. 2025 ఆగస్టు 1న అల్ ఐన్ ప్రాంతంలోని స్వైహాన్‌లో 51.8 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన గాలి వేడి. ఎండలో మగ్గిన తారు రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువ కాగుతుంది. అబుదాబీ–అల్ ఐన్ రహదారి మీద అనుమతించిన గరిష్ఠ వేగం 160 కి.మీ.

టైరు సైడ్‌వాల్ మీద ఎ, బి, సి అని వేడి గ్రేడు అచ్చయి ఉండటం చూసే ఉంటారు. అమెరికా పద్ధతిలో ఇచ్చే ఈ గ్రేడు ప్రయోగశాలలో ఎంత వేగం దాకా టైరు వేడికి తట్టుకుందో చెబుతుంది. సి అంటే 137 నుంచి 160 కి.మీ. దాకా. బి అంటే 184 దాకా. ఎ అంటే ఆపైన. 160 వేగం ఉన్న రోడ్డు మీద సి గ్రేడు టైరుకు మిగులు సున్నా. పైగా ఆ పరీక్ష గాలి సరిగ్గా ఉన్న టైరుకు చేసింది. యూఏఈలో టైరు కొంటుంటే ఎ గ్రేడే అడగాలి. ధరలో వచ్చే తేడాకు ఇది విలువైన తేడా.

5 ఏళ్లు: వయసు చెప్పే నాలుగు అంకెలు

సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని అర్థం. పూర్తి వరుస టైరుకు ఒకవైపే ఉండొచ్చు. అది లోపలి వైపుకు పడితే వంగి టార్చి వేసి చూడాలి, లేదా బండి లిఫ్టు ఎక్కినప్పుడు చూడాలి.

యూఏఈలో ప్యాసింజర్ కారు టైరుకు లెక్కించే ఆయుష్షు తయారైన నాటి నుంచి 5 ఏళ్లు. కొన్న నాటి నుంచి కాదు. కొత్త కారుకు మొదటి మూడేళ్లు తనిఖీ ఉండదు. ఆ తర్వాత ఏటా ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్‌కు ముందు తస్జీల్ లాంటి కేంద్రాల్లో పాసింగ్ చేయించాలి. అక్కడ టైరు గాడులతో పాటు తేదీ కూడా చూస్తారు. గ్రిప్ నిండుగా ఉందని మనం ఎంత వాదించినా తేదీ దాటిన టైరుతో పాస్ కావడం కష్టం.

ఇది మొండి నిబంధనగా అనిపించొచ్చు. మిషెలిన్ లాంటి తయారీదారులు, ఐదేళ్ల తర్వాత ఏటా చూపించుకుంటూ గరిష్ఠంగా పదేళ్లు వాడొచ్చని చెబుతారు. మరి ఇక్కడ ఐదేళ్లేమిటి? జవాబు అమెరికా లెక్కల్లో దొరుకుతుంది. అక్కడి రహదారి భద్రతా సంస్థ 2007లో అమెరికా కాంగ్రెస్‌కిచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ వివరాలున్నాయి. ఆ కంపెనీ పాలసీదారుల్లో టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా అనే ఐదు వేడి రాష్ట్రాలవాళ్లు 27 శాతం. టైర్లు పాడై వచ్చిన క్లెయిముల్లో మాత్రం వాళ్ల వాటా 77 శాతం. ఆ క్లెయిముల్లో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. వేడి, వయసు కలిస్తే ఏమవుతుందో ఈ మూడు అంకెలు చెబుతున్నాయి. గల్ఫ్ వేసవి వాటిలో చాలా రాష్ట్రాల వేసవి కంటే తీవ్రం, పొడవు.

కారణం రసాయనశాస్త్రంలో ఉంది. రబ్బరులోకి ఆక్సిజన్ చొరబడి దాన్ని గట్టిపరుస్తుంది, పెళుసు చేస్తుంది. ఇలాంటి చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన సూత్రం. బండి కదలకపోయినా ఈ పని ఆగదు. జులై, ఆగస్టుల్లో పిల్లల సెలవులకు ఊరికెళ్లి, కారును ఆరుబయట ఇసుక పార్కింగులో వదిలేసి వచ్చే కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. ఆ రెండు నెలల్లో మీటరు మీద ఒక్క కిలోమీటరూ పెరగదు, టైరుకు మాత్రం రెండు నెలల వయసు పెరుగుతుంది. డిక్కీలో నేల చూడని స్టెప్నీదీ ఇదే కథ. పదేళ్ల నాటి స్టెప్నీ గాడులన్నీ కొత్తగానే ఉంటాయి. వేగంగా పోయే ప్రయాణంలో దాన్ని నమ్మలేం.

తేదీకి డబ్బు లెక్క కూడా ఉంది. టైరు ధర 350 దిర్హాములు అనుకుందాం. ఈ నెలలో తయారైనదైతే ఐదేళ్లకు పంచితే ఏడాదికి 70. షాపులో రెండేళ్లు నిల్వ ఉన్నదైతే మిగిలింది మూడేళ్లే కాబట్టి ఏడాదికి దాదాపు 117. అలాంటి టైరు మీద 50 దిర్హాములు తగ్గిస్తామంటే అది బేరం కాదు.

1.6 మి.మీ.: ఎండకు చాలేది వానకు చాలదు

కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. అంటే మనం వాడుకునేది 6.4 మి.మీ. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. వాటి ఎత్తు 1.6 మి.మీ. పైభాగం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. చూడటానికి పనిముట్టేదీ అక్కర్లేదు, గాడిలో వేలు పెడితే చాలు.

ఎడారి దేశంలో గాడులతో పనేముందని కొందరు అంటారు. పొడి రోడ్డు మీద గాడులు పెద్దగా చేసే పని లేదన్న మాట నిజమే. అవి ఉన్నది నీటిని పక్కకు తోయడానికి. కానీ 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గరి ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు గడవకముందే 254.8 మి.మీ. వాన కురిసింది. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి దేశం చూసిన అతిపెద్ద వాన అది. ఏడాదిలో వాన పడే రోజులు తక్కువే. ఆ రోజుల్లో రోడ్డు మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె కలిసి జారుడు పెరుగుతుంది.

ఇక్కడ గాలి కూడా లెక్కలోకి వస్తుంది. 1960ల్లో నాసా పరిశోధకులు విమానాల టైర్ల మీద పనిచేసి ఒక సూత్రం తేల్చారు. టైరులో గాలి పీడనం వర్గమూలాన్ని 9తో గుణిస్తే, నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం నాట్లలో వస్తుంది. 33 పీఎస్‌ఐకి అది గంటకు 96 కి.మీ. 25 పీఎస్‌ఐకి 83 కి.మీ. అరిగి గుండైపోయిన టైరుకు దగ్గరగా సరిపోయే లెక్క ఇది. మంచి గాడులుంటే ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. 8 పీఎస్‌ఐ గాలి తగ్గితే 13 కి.మీ. భద్రత పోతుందన్నది ఇందులోంచి తీసుకోవాల్సిన మాట.

రెండు టైర్లే మారుస్తుంటే కొత్తవి వెనక్కి వేయించాలి. ముందు చక్రాలతో నడిచే కారుకూ ఇదే వర్తిస్తుంది. తడి రోడ్డు మీద ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక టైరు జారితే బండి గిర్రున తిరుగుతుంది.

33 పీఎస్‌ఐ: ఎండలో గాలి తగ్గించాలన్న మాట తప్పు

"ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తగ్గించి కొట్టు" అని టైరు షాపులో వినని వేసవి ఉండదు. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ముందే తగ్గిస్తే పేలదని దీని వెనక తర్కం. వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే బోల్తా పడుతుంది.

డ్రైవర్ తలుపు పక్కన స్తంభం మీద అంటించిన స్టిక్కరులో మీ కారుకు 33 పీఎస్‌ఐ అని ఉందనుకుందాం. ఇది బండి కొన్ని గంటలు ఆగి చల్లారిన టైరుకు చెప్పిన అంకె. నడిచాక పెరుగుతుందని కారు తయారుచేసినవాళ్లకు తెలుసు, ఆ పెరుగుదలను కలుపుకునే ఈ అంకె ఇచ్చారు. 25 డిగ్రీల దగ్గర 33 కొట్టిన టైరులో పీడనం ఇలా మారుతుంది:

15 డిగ్రీలకు 31.4
45 డిగ్రీలకు 36.2
70 డిగ్రీలకు 40.2

హైవే మీద చాలాసేపు పరిగెత్తిన టైరులో 40 కనబడటం రోగం కాదు, మామూలు సంగతి. ఆ 40 చూసి కంగారుపడి బంకులో ఆపి 33కు దించారనుకోండి. రాత్రి చల్లారి 25 డిగ్రీలకు వచ్చాక అందులో మిగిలేది 26.7. కావలసినదానికి 6 పైచిలుకు తక్కువ. మర్నాడు ఆ టైరు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ కాగుతుంది. పేలకూడదని చేసిన పనే పేలడానికి దారి తీస్తుంది. సైడ్‌వాల్ మీద అచ్చయి ఉండే 44 లేదా 51 పీఎస్‌ఐ టైరు ఓర్చే గరిష్ఠ హద్దు. మనం కొట్టించాల్సిన అంకె అది కాదు.

ఇదే లెక్క శీతాకాలంలో తిరగబడుతుంది. ఆగస్టులో 45 డిగ్రీల మధ్యాహ్నం ఎండలో నిలిచిన బండికి 33 కొట్టించారు. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలకు అది 28.5 అవుతుంది. పంక్చరు లేకపోయినా టైరులోంచి నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ దానంతటదే ఇంకిపోతుంది. నాలుగు నెలలకు 4 తీసేయండి. మిగిలింది 24.5. డిసెంబరు, జనవరి ఉదయాల్లో కారు స్టార్టు చేయగానే దీపం వెలగడానికి చాలాసార్లు కారణం ఇంతే. నెలకోసారి, ఉదయం పూట, బండి ఎక్కువ దూరం నడవకముందు గాలి చూపించుకుంటే దీపంతో పనే పడదు.

25 శాతం: దీపం ఎప్పుడు నోరు విప్పుతుంది

టైరులో గాలి కనిపెట్టే ఏర్పాటు (టీపీఎంఎస్) 1986లో పోర్షె 959తో ఉత్పత్తి కార్లలోకి వచ్చింది. అయితే దాన్ని ప్రతి కారులోకీ తెచ్చిన కథలో గల్ఫ్‌కు కూడా పాత్ర ఉంది. 1990ల చివర ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకున్న ఫైర్‌స్టోన్ టైర్లు వేడి దేశాల్లో పొరలు విడిపోవడం మొదలైంది. సౌదీ అరేబియా, ఇతర గల్ఫ్ దేశాల్లో ఫోర్డ్ 1999లోనే ఆ టైర్లను మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది ఆ తర్వాత ఏడాది, 2000 ఆగస్టులో. అక్కడ మరణాలు 270 దాటాయి. ఎక్స్‌ప్లోరర్‌కు ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ, ఫైర్‌స్టోన్ కోరింది 30. తక్కువ గాలి, ఎండ, వేగం, బరువు కలిస్తే ఏమవుతుందో అమెరికా కంటే ముందు ఈ ఎడారి రోడ్లే చూశాయి.

ఆ ఏడాది నవంబరులో అమెరికా చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి ప్రతి కొత్త కారులోనూ టీపీఎంఎస్ తప్పనిసరైంది. యూరప్‌లో 2014 నవంబరు నుంచి. అమెరికా నియమం ప్రకారం స్టిక్కరు మీద ఉన్న అంకెకు గాలి 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. 33లో 25 శాతం అంటే 8.25. కాబట్టి 24.75 దాకా దీపం నోరు విప్పకపోవచ్చు. పైన వానలో చెప్పిన 83 కి.మీ. హద్దు సరిగ్గా ఈ గాలి దగ్గరిదే.

గల్ఫ్‌లో ఇంకో మెలిక ఉంది. సెన్సార్ కొలిచేది ఆ క్షణంలో ఉన్న పీడనం. చల్లగా ఉన్నప్పుడు 28 మాత్రమే ఉన్న టైరును హైవే మీద నడిపి 70 డిగ్రీలకు కాగనిస్తే తెర మీద 34 కనిపిస్తుంది. చూసినవాళ్లకు అంతా బాగున్నట్టే. నిజానికి 5 పీఎస్‌ఐ కొరత ఉంది, ఆ కొరతే టైరును ఇంకా కాగిస్తోంది. వేసవి మధ్యాహ్నం డాష్‌బోర్డు అంకెను నమ్మకూడదు. ఉదయం బయల్దేరేటప్పుడు కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

అన్ని కార్లలోనూ చక్రంలో సెన్సార్ ఉండదు. కొన్నిట్లో బ్రేకుల ఏబీఎస్ వ్యవస్థ చక్రాల వేగాన్ని పోల్చి, ఏ చక్రం మిగతావాటి కంటే వేగంగా తిరుగుతోందో చూసి గాలి తగ్గిందని ఊహిస్తుంది. గాలి తగ్గిన టైరు వ్యాసం తగ్గుతుంది కాబట్టి అది ఎక్కువ చుట్లు తిరుగుతుంది. వీటికి బ్యాటరీ గొడవ లేదు. కానీ చలికి నాలుగు టైర్లూ సమానంగా దిగిపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ బటన్ నొక్కడం మరిచిపోతే తప్పుడు కొలతే ఒప్పుగా గుర్తుపెట్టుకుంటుంది.

దీపం మాట్లాడే తీరు రెండు రకాలు. వెలిగి అలాగే నిలిస్తే గాలి తక్కువని. స్టార్టు చేయగానే ఒక నిమిషం నుంచి నిమిషంన్నర మిణుకుమిణుకుమని, తర్వాత నిలిస్తే వ్యవస్థలోనే లోపమని. రెండోది చూసి గాలి కొట్టించుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. వారం తిరగకుండా మళ్లీ అదే దీపం చూసి విసుగుతో పట్టించుకోవడం మానేస్తారు. అక్కడే ప్రమాదం ఉంది. లోపం వల్ల రోజంతా వెలిగే దీపం, నిజంగా గాలి దిగిపోయిన రోజు కొత్తగా ఏమీ చెప్పలేదు.

5 నుంచి 10 ఏళ్లు: సెన్సార్ వయసు

టైరు విప్పాక రిమ్ము లోపల వాల్వు మొదట్లో అగ్గిపెట్టె కంటే చిన్నదైన ప్లాస్టిక్ డబ్బీ కనిపిస్తుంది. అదే సెన్సార్. బరువు ముప్పై గ్రాముల చిల్లర. గాలి లోపలికి చేరేందుకు సూదిమొనంత రంధ్రం, లోపల పీడనం కొలిచే చిప్, చిన్న రేడియో, ఒక లిథియం నాణెం బ్యాటరీ. తేమ చొరబడకుండా అంతటినీ గట్టి పదార్థంతో పోతపోసి మూసేస్తారు. అందుకే బ్యాటరీ మార్చడం కుదరదు, సెన్సార్ మొత్తం మార్చాల్సిందే.

ఈ బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లు వస్తుందన్నది పరిశ్రమ చెప్పే మాట. బండి నడుస్తుంటే సెన్సార్ నిమిషానికి ఒకసారి లెక్కన సంకేతం పంపుతుంది, ఆగితే నిద్రపోతుంది. ఎక్కువ తిరిగే బండికి బ్యాటరీ త్వరగా తరుగుతుంది. వేడిలో లిథియం బ్యాటరీ వాడకున్నా తనంతట తాను తరుగుతుంది. యూఏఈలో పదేళ్ల ఆశ పెట్టుకోకుండా 7 ఏళ్లు అని లెక్క వేసుకోవడం మంచిది.

బ్యాటరీ కంటే ముందే వాల్వు పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి. చాలా సెన్సార్లకు అల్యూమినియం వాల్వు ఉంటుంది. అందులో నికెల్ పూత వేసిన కోర్ ఉండాలి. షాపువాళ్లు చేతికందిన మామూలు ఇత్తడి కోర్ బిగిస్తే, సముద్రపు తేమలో రెండు లోహాల మధ్య తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి పడుతుంది, కోర్ లోపలే అతుక్కుపోతుంది. ఏడాది తర్వాత విప్పబోతే వాల్వు విరిగి చేతికొస్తుంది, దాంతో బాగున్న సెన్సార్ కూడా పోయినట్టే. టైరు మార్చిన ప్రతిసారీ కోర్, రబ్బరు వాషరు, నట్టు, మూత కలిసిన సర్వీసు కిట్ వేయించడం చిన్న ఖర్చే. పంక్చరుకు డబ్బాలోంచి ఎక్కించే ద్రావకం కూడా సెన్సార్ రంధ్రాన్ని మూసేయగలదు. అత్యవసరంలో వాడితే, టైరు విప్పినప్పుడు ఆ సంగతి మెకానిక్‌కు చెప్పాలి.

315, 433: రెండు భాషల సెన్సార్లు

అల్ అవీర్‌లోనో షార్జాలోనో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇది ముఖ్యం. అమెరికాలో అమ్మే చాలా కార్ల సెన్సార్లు 315 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. యూరప్‌లోనూ, గల్ఫ్ స్పెక్ కార్లలో చాలావాటిలోనూ అది 433. అమెరికా నుంచి వచ్చిన కారు రిసీవర్‌కు 433 సెన్సార్ సంకేతం వినిపించదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి బిగించేశాక గానీ తప్పు బయటపడదు, అప్పుడు మళ్లీ టైరు విప్పాలి. కొనేముందే పాత సెన్సార్ మీద అచ్చయిన పార్టు నంబరు, ఫ్రీక్వెన్సీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ప్రతి సెన్సార్‌కూ తనదైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్తది వేశాక ఆ సంఖ్యను కారుకు పరిచయం చేయాలి. కొన్ని కార్లు కొద్దిసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి. కొన్నిటికి చేతి పరికరంతో నేర్పాలి. ఇంకొన్నిటికి స్టీరింగు కింది ఓబీడీ సాకెట్‌లోంచి రాయాలి. పాత సెన్సార్ సంఖ్యనే కొత్తదానిలోకి కాపీ చేసే ప్రోగ్రామబుల్ సెన్సార్లూ దొరుకుతాయి. అవి వేస్తే కారుకు ఏమీ నేర్పే పని ఉండదు. అయితే పాతది ఇంకా బతికుండగానే దాని సంఖ్య చదివి పెట్టుకోవాలి.

ఏది ఎప్పుడు మార్చాలి

ఇద్దరిని తీసుకుందాం. ఒకరు కరామాలో ఉంటూ మెట్రోలో ఆఫీసుకెళ్లి, వారాంతాల్లో కారు తీస్తారు. ఏడాదికి 10,000 కి.మీ. ఇంకొకరు షార్జా నుంచి జెబెల్ అలీకి రోజూ రానుపోను 120 కి.మీ. వెళతారు. నెలకు 24 రోజుల చొప్పున ఏడాదికి 34,560 కి.మీ. టైరు 50,000 కి.మీ. వస్తుందనుకుందాం.

కరామా వ్యక్తికి గాడులూ తేదీ రెండూ ఐదో ఏట తీరతాయి. అంతకంటే తక్కువ తిరిగితే తేదీయే ముందు తీరుతుంది. ఆయన తర్వాతి టైరు మార్పు పదో ఏట. సెన్సార్ ఏడేళ్లకు అటూ ఇటూ ఆగిపోతే నడిమధ్యలో ఒక్కో చక్రం విప్పాలి. ఆయన ఐదో ఏట టైర్లతో పాటే సెన్సార్లూ మార్చేయడం మేలు.

షార్జా వ్యక్తి టైర్లు 17 నెలలకోసారి అరుగుతాయి. ఆయన మార్పులు సుమారుగా 17, 35, 52, 69, 87వ నెలల్లో వస్తాయి. ఏడేళ్లంటే 84 నెలలు. కాబట్టి మొదటి మూడు మార్పుల్లో సర్వీసు కిట్ చాలు. నాలుగోసారి, 69వ నెలలో సెన్సార్లు మార్చాలి, ఎందుకంటే ఆ తర్వాతి అవకాశం 84 దాటాకే వస్తుంది. ఎక్కువ తిరిగే బండికి బ్యాటరీ కొంచెం ముందే తరగొచ్చు కాబట్టి 52వ నెల నుంచి ప్రతిసారీ పరికరంతో బ్యాటరీ చదివించుకోవడం మంచిది.

అందరికీ పనికొచ్చే సూత్రం ఇది: మీ తర్వాతి టైరు మార్పు సెన్సార్ ఏడో ఏడు దాటాక వచ్చేలా ఉంటే, ఈసారే సెన్సార్లు మార్చండి. అంతకుముందే వచ్చేలా ఉంటే కిట్‌తో సరిపెట్టండి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. సెన్సార్ 150, టైరు విప్పి బిగించి బ్యాలెన్స్ చేసే కూలి 30 దిర్హాములు అనుకుంటే, టైర్లతో కలిపి మార్చినప్పుడు అదనంగా అయ్యేది 600. విడివిడిగా ఒక్కోటి ఆగినప్పుడు మారిస్తే 720. మిగులు 120 దిర్హాములే, పెద్ద మొత్తమేమీ కాదు. అసలు లాభం వేరే ఉంది. నాలుగు సెన్సార్లూ ఒకే రోజున ఆగవు, నెలల తేడాతో ఒక్కొక్కటిగా ఆగుతాయి. ఆ కాలమంతా లోపం దీపం వెలుగుతూ ఉంటుంది, నాలుగు టైర్లలో దేనికి గాలి తగ్గినా నమ్మకంగా చెప్పేది ఏదీ ఉండదు.

షాపులో అడగాల్సినవి

ముసఫ్ఫాలో అయినా అల్ ఖూజ్‌లో అయినా బండి జాకీ ఎక్కకముందే నాలుగు మాటలు అడగండి. టైరు బిగించే ముందు తేదీ చూపించమనండి, నాలుగిటికీ విడివిడిగా. ఒకే డబ్బులకు వేర్వేరు ఏళ్ల టైర్లు కలిసి వచ్చే అవకాశం ఉంది. లోడు సూచిక, వేగం అక్షరం స్టిక్కరు మీద ఉన్నదానికి తగ్గకూడదు. 91వి అంటే ఒక్కో టైరు 615 కిలోల బరువు, గంటకు 240 కి.మీ. వేగం దాకా పనికొస్తుందని. విప్పకముందే నాలుగు సెన్సార్లనూ పరికరంతో చదివించండి. పని అయ్యాక ఒకటి పలకకపోతే అది ముందే పోయిందా, విప్పేటప్పుడు విరిగిందా అన్న తగాదా ఉండదు. రిమ్ము నుంచి టైరు అంచును విడగొట్టేటప్పుడు యంత్రపు పార సెన్సార్ ఉన్న చోట పడకుండా వాల్వు ఎక్కడుందో చూసి మొదలుపెట్టమనండి. సెన్సార్లు ఎక్కువగా విరిగేది ఈ ఒక్క అడుగులోనే.

నైట్రోజన్ నింపుతామంటే తీసుకున్నా తప్పు లేదు, వదిలేసినా నష్టం లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి పీడనం పెరిగే లెక్క రెండింటికీ ఒకటే.

ఈ లెక్కల్లో చాలావరకు మన ఊళ్లకూ వర్తిస్తాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం ఇప్పుడు 120 కి.మీ., రామగుండంలో వేసవి 45 దాటడం కొత్త కాదు. కార్లకు 1.6 మి.మీ. నియమం భారత్‌లోనూ ఉంది. టీపీఎంఎస్, పంక్చరు కిట్ ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020లో సడలింపు ఇచ్చింది. స్టెప్నీ లేని కారులో సెన్సార్ కూడా పనిచేయకపోతే ఆధారం ఏదీ మిగలదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మన దగ్గర అలాంటి కొత్త కారు కొనేవాళ్లు దాని టైరు తేదీని, సెన్సార్ వయసును మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

యూఏఈలో ఉన్నవాళ్లు ముల్కియా రెన్యువల్ తేదీని ఫోన్‌లో ఎలాగూ పెట్టుకుంటారు. దాని పక్కనే ఇంకో రెండు తేదీలు చేర్చండి: టైరు మీది నాలుగు అంకెలకు ఐదేళ్లు కలిపి ఒకటి, సెన్సార్ వేసిన ఏడాదికి ఏడేళ్లు కలిపి ఒకటి. పాసింగ్‌కు నెల ముందు ఆ మూడూ చూసుకుంటే, ఏ టైరు మార్చాలో, ఏ సెన్సార్ మార్చాలో తనిఖీ కేంద్రం చెప్పేదాకా ఆగనక్కర్లేదు.